ఓడకి పూసిన రంగు ఎక్కడికి పోతుంది?

మా మామకి ఒక పుట్టి ఉండేది. పుట్టి అంటే తెలియని మిత్రుల కోసం: వెదురు బద్దలతో పెద్ద గంపలాగా అల్లి, దానికి బయట పట్టా కుట్టి, పైన తారు పూసిన గుండ్రటి పడవ. వెనకటి రోజుల్లో పట్టా బదులు తోలు కప్పేవాళ్ళట. మాది నడిగడ్డ, అంటే కృష్ణకీ తుంగభద్రకీ మధ్య ఉన్న గద్వాల ప్రాంతం. జూరాల దగ్గర, బీచుపల్లి దగ్గర, ఇంకా కిందకి పోతే నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల దగ్గర, చేపలు పట్టేవాళ్ళ చేతుల్లో ఈ పుట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు మామ ఒడ్డున పుట్టిని బోర్లించి, డబ్బాలో తారు కాచి, పీచుతో పూస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. "మామా, పోయినేడు గూడ పూసినవు గదా, ఆ తారంత ఏమాయె?"

"ఏమయితది రా అల్లుడా, ఏట్లె గలిసె."

"మరి ఏరు ఖరాబు గాదా?"

"ఏరు పెద్దది లే," అన్నాడు మామ.

ఇరవై ఏళ్ళ తర్వాత ఇదే సంభాషణ హైదరాబాదులో ఒక ఏసీ గదిలో, ప్రొజెక్టర్ ముందు, మళ్ళీ జరిగింది. తేడా ఏంటంటే ఈసారి పుట్టి బదులు రెండొందల మీటర్ల ఓడ, తారు బదులు రాగి. "ఏరు పెద్దది" బదులు "సముద్రం పెద్దది" అన్నారు, అంతే. ఆ రోజు నుంచి బుర్రలో తిరుగుతున్న గొడవే ఈ టపా.

ముందే చెప్తున్నా, నేను మెరైన్ ఇంజనీర్ని కాను. సముద్రానికి కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో పుట్టినవాణ్ణి. ఇంజనీరింగ్‌లో చేరేదాకా సముద్రం చూడలేదు కూడా (నవ్వకండి). ఉద్యోగంలో నా చేతికొచ్చిన ప్రాజెక్టు ఓడల ఇంధనం లెక్కలు చూపించే సాఫ్ట్‌వేర్. ప్రతి ఓడ రోజూ మధ్యాహ్నం ఒక రిపోర్టు పంపుతుంది. నూన్ రిపోర్ట్ అంటారు. ఎక్కడుంది, ఎంత దూరం వచ్చింది, ఎంత ఆయిల్ తాగింది, గాలి ఎటు, అల ఎంత. మేం వాటిని పట్టుకుని "మీ ఓడ పోయినేడు ఇదే వేగానికి ఇంత తాగేది, ఇప్పుడు ఇంత ఎక్కువ తాగుతోంది" అని గ్రాఫు గీసి ఇస్తాం. ఇలా లెక్కెయ్యడానికి 2016లో ఐఎస్ఓ 19030 అని ఒక ప్రమాణం కూడా వచ్చింది.

ఎందుకు ఎక్కువ తాగుతుంది? ఇంజన్ పాతబడటం ఒక కారణం. ఇంకో పెద్ద కారణం ఓడ అడుగున పెరిగే జీవజాలం. బావి మెట్ల మీద పాకుడు పడుతుంది చూడండి, అలాంటిదే మొదట జిగురుగా ఒక పొర. తర్వాత నాచు. తర్వాత బార్నకిల్స్ అనే సున్నపు గుల్లల జీవులు, ఆల్చిప్పలు. నున్నగా ఉండాల్సిన అడుగు గరుకు కాగితంలా తయారవుతుంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) ఆధ్వర్యంలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, అర మిల్లీమీటరు మందం పాకుడు ఓడ అడుగులో సగం దాకా పరుచుకుంటేనే కర్బన ఉద్గారాలు 25 నుంచి 30 శాతం దాకా పెరగొచ్చు. గుల్లలు కూడా కాదు, ఉత్త పాకుడు! అమెరికా నౌకాదళానికి ఒక్క రకం డిస్ట్రాయర్ల మీదే దీనివల్ల ఏడాదికి సుమారు 5.6 కోట్ల డాలర్లు ఖర్చవుతోందని 2011లో ఒక పరిశోధన లెక్కగట్టింది.

కాబట్టి ఓడ అడుక్కి ఏదో ఒకటి పూయాల్సిందే. మా సాఫ్ట్‌వేర్లో నేను రాసిన భాగం అదే. ఏ రంగు పూస్తే ఎంత ఆయిల్ మిగులుతుంది, దాంతో ఎంత కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది అని చూపించి, ఆకుపచ్చ ఆకు బొమ్మ పక్కన ఒక "గ్రీన్ స్కోర్" వెయ్యడం. రాసేటప్పుడు గర్వంగానే ఉండింది. పర్యావరణానికి పనికొచ్చే కోడ్ రాస్తున్నా అనుకున్నాను.

ఒకరోజు టెస్టింగ్ కోసం వేర్వేరు రంగుల వివరాలు డేటాబేసులోకి ఎక్కిస్తుంటే ఒక డబ్బా వివరాల్లో రాగి ఆక్సైడ్ శాతం కనపడింది. బరువులో దాదాపు సగం! ఇంత రాగి ఎందుకబ్బా అని చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఈ రంగు పనిచేసేదే కరగడం ద్వారా అని. సముద్రపు నీరు తగిలి పై పొర కొద్దికొద్దిగా కరుగుతుంది, కరిగినప్పుడల్లా రాగి బయటికొస్తుంది, ఆ రాగి దగ్గరికి చేరిన పిల్ల జీవుల్ని చంపుతుంది లేదా తరిమేస్తుంది. పై పొర పోగానే కింద కొత్త పొర. అలా నాలుగైదేళ్ళు. మళ్ళీ డ్రై డాక్‌కి వచ్చేసరికి రంగులో చాలా భాగం ఉండదు. ఏమాయె? ఏట్లె గలిసె.

మైలుతుత్తం తెలుసుగా? మామిడికి బోర్డో మిశ్రమం కొట్టే కొల్లాపూర్ వైపు రైతునెవర్ని అడిగినా చెప్తారు, బూజు తెగుళ్ళకి రాగి ఎంత బాగా పనిచేస్తుందో. అదే రాగి ఇది. రైతు ఎకరానికి ఎంత కొట్టాలో లెక్క చూసుకుంటాడు. ఓడ ఎంత కొడుతోందో మా డ్యాష్‌బోర్డులో ఎక్కడా లేదు.

సరే, లెక్కేద్దాం అని కూర్చున్నాను. ఇలాంటి రంగుల నుంచి రాగి విడుదలని రోజుకి చదరపు సెంటీమీటరుకి ఇన్ని మైక్రోగ్రాములు అని కొలుస్తారు. కాలిఫోర్నియా రాష్ట్రం 2018 జులై నుంచి సరదా పడవల రంగులకి 9.5 మైక్రోగ్రాముల గరిష్ఠ పరిమితి పెట్టింది. లెక్క సులభంగా ఉండటానికి పది అనుకుందాం. ఓడ నీటిలో మునిగే భాగం పదివేల చదరపు మీటర్లు అనుకుందాం, అంటే పది కోట్ల చదరపు సెంటీమీటర్లు. గుణిస్తే వంద కోట్ల మైక్రోగ్రాములు. అంటే రోజుకి ఒక కిలో రాగి. ఏడాదికి 365 కిలోలు. ఒక్క ఓడ! మళ్ళీ చెప్తున్నా, ఇవి నేను అనుకున్న అంకెలు, ఏ ఓడనీ కొలిచినవి కాదు. ఎన్ని కిలోలు అన్న స్థాయి అర్థం కావడానికి చాలు.

ఈ కాగితం పట్టుకుని మీటింగులో అడిగాను. గ్రీన్ స్కోర్ పక్కన ఇంకో కాలమ్ పెడదామా, "ఈ ఏడాది ఈ ఓడ నీళ్ళలో వదిలిన రాగి ఇన్ని కిలోలు" అని? అప్పుడొచ్చింది ఆ మాట. "సముద్రం చాలా పెద్దది బాస్. పైగా క్లయింట్ అడగలేదు."

క్లయింట్ అడగలేదన్నది మాత్రం నిజం. ఆయిల్ ఓడ యజమాని డబ్బు, అందుకని దాన్ని లీటరు లీటరు కొలుస్తారు. 2019 నుంచి 5,000 టన్నులు దాటిన ఓడలన్నీ తాగిన ఇంధనం లెక్క ఐఎంఓ పద్ధతి ప్రకారం అప్పజెప్పాలి. 2023 నుంచి దాన్నిబట్టి ఎ నుంచి ఇ దాకా గ్రేడు కూడా వేస్తున్నారు. రంగు సంగతికొస్తే మాత్రం "నిషేధించిన పదార్థం లేదు" అని ఒక సర్టిఫికెట్ ఉంటే సరిపోతుంది. ఉంది, లేదు, అంతే. ఎంత అన్న ప్రశ్నే లేదు.

సముద్రం పెద్దదే, కాదనను. కానీ ఓడ రోజులకొద్దీ ఊరికే నిలబడి ఉండేది నడిసముద్రంలో కాదు, రేవులో. మన వైజాగే తీసుకోండి. 1933లో ప్రారంభమైన ఇన్నర్ హార్బర్ డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి సన్నటి కాలువ గుండా లోపలికి వెళ్తే వచ్చే నీళ్ళు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చేదాకా పెద్దరేవంటే అదే. మూసిన గిన్నెలాంటి చోట నీళ్ళు నెమ్మదిగా మారతాయి, వచ్చి పడింది అడుగు బురదలో కూర్చుంటుంది. అమెరికాలో శాన్ డియాగో దగ్గర షెల్టర్ ఐలాండ్ అనే పడవల రేవులో ఇదే జరిగింది. అక్కడి నీళ్ళలో కలుస్తున్న రాగిలో అత్యధిక భాగం పడవల అడుగు రంగు నుంచేనని తేలింది. దాన్ని 76 శాతం తగ్గించాలని 2005లో అధికారులు లక్ష్యం పెట్టారు. పసిఫిక్ మహాసముద్రం ఎంత పెద్దదైనా ఆ రేవు చిన్నదే కదా.

అసలీ "పెద్దది లే" అన్న ధీమాకి ఒకసారి గట్టి దెబ్బ తగిలింది. దాని పేరు టీబీటీ, పూర్తి పేరు ట్రైబ్యుటైల్ టిన్. 1960ల నుంచి వాడకంలోకొచ్చి, డెబ్బైల్లో ప్రపంచమంతా పాకింది. అద్భుతంగా పనిచేసేది, అయిదేళ్ళు అడుగు నున్నగా ఉండేది. ఫ్రాన్సులో ఆర్కషాన్ అనే అఖాతంలో ఆల్చిప్పల పెంపకం చేసుకుని బతికేవాళ్ళున్నారు. డెబ్బైల చివర్లో వాళ్ళ ఆల్చిప్పలు వంకర్లు తిరిగి, పెంకులు మందమెక్కి, పిల్లలు నిలవకుండా పోయాయి. కారణం రేవులో పడవలకి పూసిన టీబీటీ. ఫ్రాన్స్ 1982లో, బ్రిటన్ 1987లో చిన్న పడవల మీద దాన్ని ఆపేశాయి. ఇంకా విచిత్రం నత్తలది. లీటరు నీటిలో ఒకటి రెండు నానోగ్రాములున్నా కొన్ని జాతుల ఆడ నత్తలకి మగ అవయవాలు మొలిచి, గుడ్లు పెట్టలేని స్థితికొచ్చేవి. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు. మన దేశపు నీళ్ళలోని నత్తల్లో కూడా ఇలాంటి మార్పుని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1999లో నమోదు చేశారు.

2001 అక్టోబరులో ఐఎంఓ దగ్గర దేశాలన్నీ కూర్చుని టీబీటీని నిషేధిస్తూ ఒప్పందం రాసుకున్నాయి. అది అమల్లోకి వచ్చింది 2008 సెప్టెంబరులో. మన దేశం మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని సవరించి దానికి చోటిచ్చింది 2014లో. ఆర్కషాన్ వాళ్ళ ఆల్చిప్పలు వంకర తిరిగిన నాటి నుంచి లెక్కేసుకోండి, మన చట్టంలోకి ఎక్కడానికి ముప్పై ఏళ్ళు దాటింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, నిషేధం పనిచేసింది. నిషేధించిన చాలా చోట్ల నత్తలు కోలుకున్నాయి. అంతర్జాతీయ ఒప్పందాలన్నీ కాగితాలే అనే మిత్రులకి నేను ఈ నత్తల్ని చూపిస్తుంటాను :)

టీబీటీ పోయాక ఏమొచ్చింది? మళ్ళీ రాగే. దానికి తోడు బలం పెంచే మందులు. అందులో ఒకటి సైబుట్రిన్. నాచుని ఆపుతుంది, టీబీటీ అంత చెడ్డది కాదన్నారు. 2016లో యూరప్ దానికి అనుమతి నిరాకరించింది. 2023 జనవరి నుంచి ప్రపంచమంతటా ఓడలకి కొత్తగా పూయడం నిషేధం. ఒకటి నిషేధిస్తే ఇంకోటి వస్తుంది, అది మంచిదంటారు, ఇరవై ఏళ్ళకి దాని సంగతి తెలుస్తుంది. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒక బగ్ మూసి ఇంకో బగ్ తెరవడం, టెస్టింగ్ మాత్రం ప్రొడక్షన్లో!

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి, ఇంజనీర్లకి నచ్చుతుంది. చెక్క ఓడల కాలంలో బ్రిటిష్ నౌకాదళం అడుక్కి రాగి రేకు తొడిగేది. 1761లో అలారం అనే ఓడతో మొదలుపెట్టారు. గుల్లలు పట్టేవి కావు గానీ రాగి తినేసుకుపోయేది. 1824లో హంఫ్రీ డేవీ అనే మహా శాస్త్రవేత్త దీనికి విరుగుడు కనిపెట్టాడు. రాగికి జింకు ముక్కో ఇనుప ముక్కో తగిలిస్తే అది తినేసుకుపోతుంది, రాగి భద్రం. సిద్ధాంతం నూటికి నూరుపాళ్ళూ కరెక్టు, ఈనాటికీ ఇనుము తుప్పు పట్టకుండా వాడే పద్ధతి అదే. కానీ ఓడల అడుగున గుల్లలు విరగబట్టాయి! రాగి కరగడం ఆగిపోయింది కదా, ఇక గుల్లలకి భయమేముంది? నౌకాదళం ఆ పద్ధతి వదిలేసింది. రాగి కాపాడేదే కరగడం వల్ల అన్న సంగతి అప్పుడే తేలిపోయింది. రెండొందల ఏళ్ళయింది. ఇప్పటికీ రాగి రంగు డబ్బాల మీద ఆకు బొమ్మ వేసి అమ్మినప్పుడు నాకు డేవీ గుర్తొస్తాడు.

మరి కరగని రంగులు లేవా? ఉన్నాయి. సిలికోన్ పూతలు తొంభైల నుంచి మార్కెట్లో ఉన్నాయి. ఇవి చంపవు, జారిపోయేలా చేస్తాయి. నాన్‌స్టిక్ పెనం అనుకోండి. ఓడ కాస్త వేగంగా కదిలితే పట్టినవి వాటంతటవే ఊడిపోతాయి. ఇబ్బందులు: ఖరీదెక్కువ, గీసుకుపోతే చిరుగుతుంది, రేవులో ఎక్కువ రోజులు నిలబడే ఓడకి అంతగా పనికిరాదు. కొన్నిటిలో నూనెలు కొద్దికొద్దిగా బయటికొస్తాయి. కొన్ని రకాల్లో ఫ్లోరిన్ ఉన్న పాలిమర్లు వాడతారు, ఆ కుటుంబం మీద వేరే పెద్ద చర్చ నడుస్తోంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఆంథనీ బ్రెన్నన్ అనే ఆచార్యుడు అమెరికా నౌకాదళం కోసం ఆలోచిస్తూ సొర చేప చర్మం నకలు తీశాడు. ఆ గరుకు డిజైను చివరికి ఎక్కువగా పేరు తెచ్చుకున్నది ఆసుపత్రి వస్తువుల మీద బాక్టీరియా పట్టకుండా చేయడంలో. స్వీడన్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. పశువైద్యంలో మత్తుకి వాడే మెడెటోమిడిన్‌ని రంగులో కొద్దిగా కలిపితే బార్నకిల్ పిల్లలు కాళ్ళు కొట్టుకుంటూ ఎగిరి పోతాయట, అంటుకోవు.

వీటిలో ఏది మంచిది అని నన్నడిగితే చెప్పలేను, అది నా చదువు కాదు. నా గొడవల్లా, పక్కపక్కన పెట్టి చూడ్డానికి రెండో అంకె లేకపోవడం గురించే.

ఇప్పుడు ఎదుటివాళ్ళ వాదన కూడా న్యాయంగా చెప్పాలి. మా టీములో ఒకాయన (ఓడల మీద పదేళ్ళు పనిచేసి వచ్చినాయన, నాకు ఈ సబ్జెక్టులో గురువు) ఇలా అన్నారు. "విషం వద్దంటున్నావ్ సరే. రంగు సరిగ్గా లేకపోతే ఓడ అడుగున ఏం ప్రయాణం చేస్తుందో తెలుసా? వైజాగ్ చరిత్ర చదువు."

చదివాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్ జంతుశాస్త్ర విభాగం వాళ్ళు 1950ల్లోనే వైజాగ్ రేవులో ఓడలకీ దుంగలకీ ఏమేం పడుతున్నాయో వరసగా అధ్యయనం చేశారు. పి.ఎన్. గణపతి గారు, ఆయన సహచరులు. ఆ పనికి ఇవాళ్టికీ విలువుంది. ఎందుకంటే 1967లో అదే రేవులో ఒక కొత్త గుల్ల కనపడింది, మైటిలాప్సిస్ సాలీ. పుట్టిల్లు మధ్య అమెరికా అట్లాంటిక్ తీరం. ముందు ఏముండేదో రాసిపెట్టుకున్నారు కాబట్టే కొత్తది వచ్చిందని తెలిసింది. ఓడల అడుగున వేలాడుతూ వచ్చి ఉంటుందని భావిస్తారు. మురికి నీళ్ళకి తట్టుకుంటుంది, దొరికిన ప్రతిదాని మీదా గుత్తులు గుత్తులుగా అల్లుకుంటుంది. తర్వాత ముంబయిలోనూ కనపడింది. ఇదే గుల్ల 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవుల్లో బయటపడితే, అక్కడివాళ్ళు ఆ రేవుల తలుపులు మూసేసి, నీళ్ళనిండా క్లోరిన్, మైలుతుత్తం కుమ్మరించి మొత్తం చంపేశారు. దాంతో పాటు అక్కడున్న మిగతా జీవులు కూడా పోయాయి.

అంటే, రంగులో విషం తగ్గించి గుల్లల్ని రానిస్తే, రేపు రేవు మొత్తానికి విషం పోయాల్సి రావొచ్చు. పైగా ఆయిల్ ఎక్కువ తగలబడుతుంది, పొగ ఎక్కువ. ఈ వాదనకి నా దగ్గర తేలిక జవాబు లేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2011లో సరదా పడవలకి రాగి రంగు ఆపేస్తామని చట్టం చేసి, తర్వాత ప్రత్యామ్నాయాల్లోని మందులు ఇంకా హాని చేసే అవకాశముందని తేలి 2018లో వాయిదా వేసుకుంది. వాళ్ళని తప్పుపట్టను. చూసి, కొలిచి, ఆగారు. కొలిచారు అన్నదే నాకు ముఖ్యం.

నేనేమీ రేపట్నుంచి రాగి బంద్ అనటం లేదు. కొలవండి అంటున్నా. మనకి అంకెలు రెండు కావాలి: గాలిలోకి ఎంత తగ్గింది, నీళ్ళలోకి ఎంత పోయింది. ఒక్క అంకె చూపించి "పర్యావరణ హితం" అనడం సగం జమాఖర్చు చూపించి లాభం అనడమే. పైగా ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. రంగులో ఎంత మందు ఉంది, ఎంత మందం పూశారు, ఎన్నేళ్ళు ఉంటుంది అన్న లెక్కతో విడుదల రేటు కట్టే పద్ధతికి 2010లోనే ఐఎస్ఓ 10890 అని ప్రమాణం వచ్చింది. మా డేటాబేసులో ఓడ కొలతలున్నాయి, రంగు పేరుంది, పూసిన తేదీ ఉంది, ఏ రేవులో ఎన్ని రోజులు ఆగిందో నూన్ రిపోర్టులో ఉంది. నాలుగు టేబుల్స్ కలిపితే చాలు. వైజాగ్ రేవులో ఈ నెల ఆగిన ఓడల నుంచి సుమారుగా ఎంత రాగి కరిగిందో ఒక్క క్వెరీతో వస్తుంది. ఆ అంకె రేవు అధికారులకి కావాలి, చేపల మీద పరిశోధన చేసేవాళ్ళకి కావాలి, అన్నిటికంటే ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళకి కావాలి.

ఇంకో సంగతి. ఈ లెక్కల్లో అసలే కనపడనివాళ్ళు ఆ రంగు గీకేవాళ్ళు. పోయినేడు ఫ్రెండ్స్‌తో సముద్రం వైపు వెళ్ళినప్పుడు ఒక చిన్న రేవులో ఒడ్డుకి లాగిన పడవ కింద పడుకుని ఒకతను ఇనప రేకుతో పాత రంగు గీకుతున్నాడు. ముక్కుకి తువ్వాలు తప్ప ఏమీ లేదు. ఎర్రటి పొడి జుట్టు నిండా, కింద ఇసుక నిండా. సాయంత్రం పోటు వస్తే ఆ పొడి లోపలికి పోతుంది. ఐఎంఓ సర్టిఫికెట్ కావాల్సింది 400 టన్నులు దాటి విదేశాలకి వెళ్ళే ఓడలకి. ఈ పడవ ఏ సర్టిఫికెట్లోకీ రాదు. "కళ్ళు మండవా అన్నా?" అంటే "అలవాటైపోయింది బాబూ" అన్నాడు. నా దగ్గర ఆ మాటకి గ్రాఫు లేదు.

ఈ సముద్రం గోల నడిగడ్డవాడికెందుకు అని మా ఊరి ఫ్రెండొకడు అడిగాడు. వాడికి నేను పెద్ద ధన్వాడ గుర్తుచేశాను. 2025 జూన్‌లో మా జిల్లా రాజోలి మండలంలోని ఆ ఊరి దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రైతులు రోడ్డెక్కారు. ఇథనాల్ అంటే పెట్రోల్లో కలిపే "గ్రీన్" ఇంధనం. కార్బన్ లెక్కలో దాని పక్కన కూడా ఆకు బొమ్మే ఉంటుంది. వాళ్ళు అడిగింది మాత్రం వేరే ప్రశ్న, మా తుంగభద్ర నీళ్ళ సంగతేంటి అని. ఆ ఫ్యాక్టరీ మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ తేల్చడం లేదు. కానీ వాళ్ళడిగింది నేను మీటింగులో అడిగిన రెండో కాలమే. చదువుకున్నవాళ్ళం ఆకు బొమ్మ చూసి ఆగిపోతాం, ఏటి పక్కనున్నవాళ్ళు ఆగరు.

2025 ఏప్రిల్‌లో ఐఎంఓ ఇంకో నిర్ణయం తీసుకుంది. ఓడల అడుగున పెరిగే జీవుల విషయంలో ఇప్పటిదాకా ఉన్నవి 2011లో వచ్చి, 2023లో మార్చిన మార్గదర్శకాలు మాత్రమే, పాటించకపోయినా అడిగేవాడు లేడు. వాటి స్థానంలో కచ్చితంగా పాటించాల్సిన నియమాల తయారీ మొదలుపెట్టాలని. పూర్తవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ నియమాల్లో "అడుగు శుభ్రంగా ఉండాలి" అన్నదొక్కటే ఉండి, "దేంతో శుభ్రంగా ఉంచారు, ఎంత వదిలారు" అన్నది లేకపోతే, జనం ఎక్కువ విషం ఉన్న డబ్బాయే కొంటారు. దీని మీద మన దేశం గట్టిగా మాట్లాడాలి. వైజాగ్‌లాంటి రేవూ, 1950ల నుంచి రాసిపెట్టుకున్న ఆంధ్రా యూనివర్సిటీ లెక్కలూ ఉన్న మనం మాట్లాడకపోతే ఎలా?

మరి నా కాలమ్ ఏమైందంటారా? రెండు శని, ఆదివారాలు కూర్చుని రాసేశాను. మా గురువుగారు లెక్క సరిచూసి రెండు తప్పులు పట్టుకున్నారు. ఆ కాలమ్ ఇప్పుడు సాఫ్ట్‌వేర్లో ఉంది, కానీ సెట్టింగ్స్‌లో నాలుగో పేజీలో, డిఫాల్ట్‌గా ఆఫ్ చేసి. "ఎవరైనా క్లయింట్ అడిగితే ఆన్ చేద్దాం" అన్నారు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఈ టపా చదివేవాళ్ళలో ఓడల కంపెనీల్లో, పోర్టుల్లో పనిచేసేవాళ్ళుంటే, దయచేసి అడగండి. మాకే కాదు, మీరు వాడే ఏ సాఫ్ట్‌వేర్ వాళ్ళనైనా సరే.

మొన్న దసరాకి ఊరెళ్తే మామకి ఇదంతా చెప్పాను. పుట్టి ఇప్పుడు లేదు, మోకాళ్ళ నొప్పులొచ్చి అమ్మేశాడు. అంతా విని కాసేపు బీడీ తాగుతూ కూర్చుని, "అట్లయితే నేను పూసిన తారు గూడ లెక్కబెట్టు మరి," అన్నాడు. నిజమే. ఏడాదికి ఎంత పూసేవాడివని అడిగితే గుర్తు చేసుకుని డబ్బాల లెక్క చెప్పాడు. రాసుకున్నాను.